ప్లేటులో లేని చివరి చరణం

మా ఇంటి దేవర మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల నన్ను కోతలరాయుడంటారు, కాదనను. కానీ కోపంతో మండిపోతున్నవాడు కోతలెక్కడ కోస్తాడు? ఆ కోపం నాకింకా చల్లారలేదు.

తొంభైల్లో మా పెద్దమ్మ ఒక అగ్గిపెట్టెల షెడ్డులో చట్రాల్లో పుల్లలు పేర్చేది. చేతులు ఒక్క తీరున ఆడాలంటే పాట ఉండాలి. ఆ షెడ్డులోని, ఎప్పుడో వలసొచ్చిన మన తెలుగు ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. పాట కట్టినామె చివరి చరణంలో తన పేరు పెట్టుకుంటుంది. ఇక ఆ పాట ఎవరు పాడినా ఆ పేరు పాడి తీరాలి. పేరు మింగేసినామెతో ఆ పూట ఎవరూ మాట్లాడరు. పెద్దమ్మ జన్మకంతా కట్టింది ఒకే పాట, షెడ్డు మేస్త్రీని తిడుతూ. వాడి గళ్ళ లుంగీ, పిల్లి నడక, వెనకనుంచి వచ్చి మెడ మీద ఊపిరి వదిలే అలవాటు, అన్నీ అందులో ఉన్నాయి.

షెడ్డు మూతపడ్డ కొన్నేళ్ళకు, రెండు వేలు దాటాక, మద్రాసు నుంచి ఒక రాక్ బ్యాండు వ్యానులో దిగింది. పల్లె గొంతులతో కలిసి ఆల్బం చేస్తారట. అదీ సీడీ కాదు, పాతకాలపు నల్ల గ్రామఫోను ప్లేటు. వాళ్ళకు మన భాష రాదు కాబట్టి అరవంలో అర్థం చెప్పడానికి నేను కూర్చున్నాను. పెద్దమ్మ పొద్దుటినుంచీ పట్టుచీరలో ఉంది. మైకు ముందు పాడింది. చివరి చరణం రెండుసార్లు పాడింది.

"నా పేరు బాగా పడెనా అప్పా?"

"పడింది పెద్దమ్మా, మద్రాసు దాకా వినపడింది."

ఏడాదికి ప్లేటు పోస్టులో వచ్చింది. వినడానికి మా ఊళ్ళో యంత్రమేది? విరుదునగర్‌లో పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర పాత ప్లేయరు ఉందని విని సాత్తూరు మీదుగా బస్సులో పోయాం. దారి పొడుగునా పెద్దమ్మ ప్లేటుకు ఎండ తగలకుండా కొంగు కప్పింది. ఆ అంగడాయనా మన భాషవాడే, నేతవాళ్ళ ఇంటివాడు. సూదిని నోటితో ఊది ప్లేటు మీద పెట్టాడు.

గిటారు మోగింది. దాని మీద పెద్దమ్మ గొంతు.

"అయ్యో, నేను తా, నేనే!" అని తొడ మీద తాళం వేసింది. లుంగీ వచ్చింది, పిల్లి నడక వచ్చింది, అంగడాయన పగలబడి నవ్వాడు. చివరి చరణానికి ఆమె నోరు తెరిచి సిద్ధంగా ఉంది. అక్కడ గిటారు గర్జించింది, డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఆ తర్వాత కిర్రు, కిర్రు.

"ఇంగొక తూరి పెట్టయ్యా. కడసీది."

పెట్టాడు. చివరి చరణం దగ్గర మళ్ళీ గిటారే.

"నా పేరు యాడరా?"

అంగడాయన ప్లేటు అట్ట తిప్పి వెనకున్న అరవం చదివి మన మాటల్లో చెప్పాడు. "అక్కా, నన్నూరేండ్ల వలస పాట అని రాసుండారు. కట్టినోళ్ళు తెలీదంట. పాడింది ఒక పల్లెటూరి ఆడమనిషంట."

"తెలీదా? నేను ఈడ కూచోనుండంగానే తెలీదా? నన్నూరేండ్లయితే ఆ మేస్త్రీకి ఎంత వయసప్పా, పాడైపోయినోడికి?"

అంగడాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అట్ట నేనూ చూశాను, నాలుగు వందల ఏళ్ళనే ఉంది. గిటారు వాయించినవాడికి పేరుంది, డ్రమ్ములవాడికి పేరుంది, వ్యాను తోలినవాడికి కృతజ్ఞతలున్నాయి. మా పెద్దమ్మ మాత్రం ఒక ఆడమనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లో దూరి, అట్ట మీది నంబరుకు కొట్టి గిటారువాణ్ణి పట్టుకున్నాను.

"మా పెద్దమ్మ పేరు కోసెయ్యడానికి ఎవడ్రా నువ్వు?"

"సార్, పాట అంత పాతది కదా. ఆ పేరు ఈమధ్య ఎవరో చేర్చారనుకుని తీసేశాం."

"అంత పాతదని నీకెవడు చెప్పాడు?" అని అద్దాలదిరేలా అరిచాను. వాడేదో అన్నాడు. నేను ఫోను ఠపీమని పెట్టేశాను.

తిరిగొచ్చే బస్సులో పెద్దమ్మ ప్లేటుకు మళ్ళీ కొంగు కప్పింది. సాత్తూరు దాటాక అంది: "లెటర్ రాయి అప్పా. మళ్ళీ ప్లేటు ఏసేటప్పుడన్నా నా పేరు ఏయమను. పాపం, వాండ్లకి ఎవడో తప్పు చెప్పిండాడు. వాడి నోట్లో అగ్గిపుల్ల గీసెయ్య!"

ఒట్టు వేశాను కాబట్టి చెప్పక తప్పదు. ఇందులో కల్పన ఒక్కటే ఉంది: ఆ నాలుగు వందల ఏళ్ళు. కల్పించింది నేను. ఆరోజు, ఇది మేస్త్రీని తిట్టే పాట అని నేను చెప్పగానే వాళ్ళలో ఒకడు పెదవి విరిచి మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. పట్టుచీరలో ఉన్న పెద్దమ్మ వాడి చేతులకేసే చూస్తోంది. నోటికొచ్చినట్టు వాగేశాను: అసలిది నాలుగు వందల ఏళ్ళ నాటిది, వలసొచ్చిన పూర్వీకులు, ఎడ్లబళ్ళు, నదులు దాటుతూ పాడుకున్న పాట... వైరు మళ్ళీ విప్పారు. నా కోతకు నేనే మురిసిపోయాను కూడా.

ఫోనులో ఆ గిటారువాడన్నది, "మీరే కదా సార్ చెప్పారు" అని.

పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది, జవాబు వచ్చెనా అని. రాయని ఉత్తరానికి జవాబేమిటి? ఆమె పేరు ఇక్కడ రాయను, అది పడాల్సింది ప్లేటు మీద. ఉత్తరం ఇవాళ మొదలుపెట్టాను. ఒక్క వాక్యమే అయింది: మీకు తప్పు చెప్పినవాణ్ణి నేనే.