పదకొండు చుక్కల ప్లాన్

పుదుచ్చేరిలో ఆర్. గోవిందరాజన్‌కు తెలియని ఫుట్‌బాల్ సంగతి ఏదైనా ఉంటే, అది ఇంకా పుట్టలేదనే అర్థం. ఈ మాట ఊరన్నది కాదు, ఆయనే అన్నాడు. మధ్యాహ్నం రెండింటిదాకా సేదరపేట్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీ స్టోరు, మూడున్నరకల్లా మెడలో విజిల్ వేసుకుని కాలేజీ అమ్మాయిల జట్టు ముందు కోచ్‌గా హాజరు. ఇరవై ఏళ్ళుగా ఇంతే. ఆ కాలేజీలోనే రెండో ఏడాది చదువు మానేశాడు. ఎందుకని అడిగితే, తాను కొట్టిన బంతి సముద్రంలో పడిందనీ, ఈదుకుంటూ వెళ్ళి తెచ్చేలోపు పరీక్షలు అయిపోయాయనీ చెబుతాడు.

ఆట గెలిపించేది ప్లానే తప్ప కాళ్ళు కాదని ఆయన వాదం. "కాళ్ళు అందరికీ రెండే ఉండాయి. ప్లాన్ నాకొకడికే ఉండాది."

ఈసారి ఫైనల్ కోసం తయారుచేసిన ప్లాన్ వాళ్ళమ్మ అమ్మాయమ్మ వాకిట్లో పుట్టింది. ఆవిడ తెల్లవారుజామున చుక్కలు పెట్టి మెలిక ముగ్గు వేస్తుంది. పదకొండు చుక్కలు పదకొండు మంది అమ్మాయిలు, గీత బంతి. గీత ఒక్కో చుక్కను చుట్టుకుంటూ పోతుంటే, వెంటపడిన ఎదుటి జట్టు కళ్ళు తిరిగి పడిపోవాలి. ప్రాక్టీసులో పదో పాసుకే ఆయన మురిసిపోయి విజిల్ ఊదేవాడు. అక్కడికి ఆట ఆగిపోయేది.

ముందున్నది మాత్రం మామూలు ఫైనల్ కాదు. ఇది ఓడితే చెన్నై నుంచి సర్టిఫికెట్ ఉన్న కోచ్‌ను తెస్తానని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ దేవరాజన్ చెప్పేశాడు. గ్రౌండు పోతే రెండింటి తర్వాత ఎక్కడికి పోవాలో గోవిందరాజన్‌కు తెలియదు.

జట్టులో ఫార్వర్డ్ ప్రీతిక. ఆయనకు దూరపు చుట్టం. వైతికుప్పం జాలరిపేట ఇసుకలో, ఆరేసిన వలల మధ్య బంతి తన్నుతూ పెరిగిన పిల్ల. ఒకసారి ఆమె కొట్టిన షాట్‌కు గోలు కర్ర మీది కాకి బెదిరి కడలూరు దాకా పోయిందట. కాకి నిజం. కడలూరు సంగతి కాకినే అడగాలి.

"మామా, నేను నేరుగా పోయి కొట్టేస్తా. ఈ చుట్టేదంతా ఎందుకు?" అంది ప్రీతిక.

"నేరుగా పోయేది ఈసీఆర్ రోడ్డు మీద చెన్నై బస్సు. ఇది ఫుట్‌బాల్."

"బస్సయినా ఊరు చేరతాది గదా మామా!"

జట్టంతా పగలబడి నవ్వింది. గోవిందరాజన్ విజిల్ ఊదాడు. "మళ్ళీ చుట్టండి!" అన్నాడు.

కాలాపేట గ్రౌండులో ఫైనల్ మొదలైంది. ముగ్గు మహా అందంగా నడిచింది. పది పాసులు, పన్నెండు, పద్నాలుగు. పదిహేనో పాసుకు బంతి వచ్చి సొంత గోల్‌కీపర్ ఆర్తి కాళ్ళ దగ్గరే ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆర్తి. ఏడోసారికి ఆ పిల్లకు ఒళ్ళు మండింది.

"మాస్టర్! యాడికి పోయినా నా కాడికే వస్తుండాది! ఏం చెయ్యమంటారు దీన్ని?"

ఎదుటి జట్టు పరిగెత్తడం మానేసి, నడుము మీద చేతులు పెట్టుకుని వేడుక చూస్తోంది.

విరామంలో ఆయన గొడుగు కింద కూర్చున్న తల్లి దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మా, నీ ముగ్గు నన్ను ముంచేసింది!"

"ఒరే గోవిందా, మెలిక గీత మొదలైన కాడికే వచ్చి కలవాల. కలవకుంటే అదేం ముగ్గు? దాంతో బంతి ఆడిస్తావని నాకేం తెలుసు?"

ఆరింటి షిఫ్టు తొందరలో ఆయన ఏనాడూ ముగ్గు పూర్తయ్యేదాకా నిలబడలేదు. ఇప్పుడు మార్చడానికి వేరే ప్లానూ లేదు. "చుట్టండి!" అనే అరిచాడు.

చుట్టారు. రెండు వైపులా ఒక్క గోలూ లేకుండానే ఆఖరి నిమిషాలు వచ్చాయి, అప్పుడు బంతి ప్రీతికకు అందింది. "వెనక్కియ్, ఆర్తికియ్!" అని గోవిందరాజన్ గొంతు చించుకున్నాడు. ప్రీతిక తల కూడా తిప్పలేదు. నలభై గజాల నుంచి ఒక్క తన్ను. నడుము మీది చేతులు ఎవరూ దించకముందే బంతి వలలో ఉంది. గెలిచారు.

దేవరాజన్ ఎగురుకుంటూ వచ్చాడు. "ఏం మనిషయ్యా మీరు! వాళ్ళను నిద్రపుచ్చి కొట్టించినారే! ఇదేనా మీ ప్లాన్?"

తల ఊపితే చాలు, గ్రౌండు ఆయనదే. ఊపబోయాడు కూడా. ఎదురుగా ప్రీతిక మోకాళ్ళకు మట్టితో, రొప్పుతూ నిలబడి ఉంది.

"లేదు సార్," అన్నాడు. "వెనక్కియ్యమనే అరిస్తిని. పిల్ల నా మాట వినలేదు. గోలు ఆ పిల్ల కాలిది."

దేవరాజన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "మీకు వినయం కూడా ఉండాదా! చెన్నై కోచ్ వద్దులే. సోమవారం మీరే రండి."

"సార్, నిజంగానే..."

"చాలు చాలు, ఎక్కువైతే బాగుండదు!" అంటూ దేవరాజన్ కప్పు అందుకోవడానికి వెళ్ళిపోయాడు.

"ఏంది మామా," అంది ప్రీతిక, "ఒక్కసారి నిజం చెప్తే ఎవరూ నమ్మలేదే!"

తిరుగు బస్సులో గోవిందరాజన్ కండక్టరుకు ఆ గోలు వర్ణించి చెప్పాడు. తన పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అయితే బస్సు ఊళ్ళోకి వచ్చేసరికి నలభై గజాలు కాస్తా తొంభై అయ్యాయి. ప్రీతిక పక్కనే కూర్చుని విన్నది. ఒక్క గజం కూడా తగ్గించలేదు.