ఒంటి దొంగను నమ్మని సంగమేశ్వర్

నారాయణఖేడ్‌లో కంప్యూటర్లు బాగుచేసే సంగమేశ్వర్ లెక్కలో ఏ తప్పూ ఒంటరిగా జరగదు. ఏది చెడినా జంట దొంగలను పట్టేదాకా ఆయనకు అన్నం సహించదు.

ఒకసారి కడుపునొప్పి వస్తే డాక్టరు మిర్చి బజ్జీలు మానెయ్యమన్నాడు. ఈయన మానలేదు. ఒకరోజు బజ్జీలతో చాయ్, ఇంకోరోజు ఉప్మాతో మజ్జిగ, మరోరోజు బజ్జీలతో మజ్జిగ, ఇలా మార్చి మార్చి తిని మంచానపడి తీర్పు చెప్పాడు.

"మిర్చి మంచిదే, సల్ల మంచిదే. రెండు కలిస్తెనే లొల్లి."

"మనిద్దరి ముచ్చట గూడ గంతేనా?" అంది భార్య కాశమ్మ.

పంతొమ్మిది వందల తొంభైల్లో, ఆ ఊళ్లోనే ధాన్యం కొని అమ్మే అడ్తి దుకాణం నడిపే వీరప్ప రైతుల రసీదులకు కంప్యూటర్ కొన్నాడు. పొద్దున ఎలీసబెతు, సాయంత్రం దేవప్ప దాని ముందు కూర్చుని రసీదులు కొట్టేవారు. అది బిగుసుకుపోయేది మాత్రం ఎప్పుడూ ఎలీసబెతు చేతిలోనే.

"నీ చెయ్యే మంచిగ లేదు. సోమవారం గూడ ఆగితే ఇగ రాకు," అన్నాడు వీరప్ప. వాళ్లింట్లో నెలనెలా వచ్చే జీతం ఆమెదొక్కటే. భయంతో సంగమేశ్వర్ దగ్గరికి పరుగెత్తింది.

"తప్పు నాదేనేమో అన్నా."

"నీ ఒక్కదానితోని గంత పని అయితదా?" అన్నాడాయన. అది ఓదార్పో వెక్కిరింతో ఆమెకు తెలియలేదు.

ఆదివారం ఆమె చర్చిలో ఉండగా ఆయన అడ్తిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోమవారం అందరినీ పిలిచి రసీదు భాష మార్చాడు, పంటలు మార్చాడు, మనుషులనూ మార్చాడు.

"మనుషులెందుకు?" అన్నాడు వీరప్ప.

"మనిషి మీద గూడ అనుమానమే గద సావుకార్."

ఎలీసబెతు తెలుగులో కందులకు మాత్రమే రసీదు కొట్టింది. వచ్చింది. దేవప్ప ఇంగ్లీషులో కందులకూ పెసర్లకూ కలిపి కొట్టాడు. అదీ వచ్చింది.

"ఇగ నువ్ కూసో సావుకార్. తెలుగుల కొట్టు, రెండు పంటలు."

వీరప్ప మీట నొక్కాడు. కంప్యూటర్ కొయ్యబారిపోయింది. అందరూ ఆయన చేతివంకే చూశారు.

"తెలుగు మంచిదే, రెండు పంటలు మంచియే. కలిస్తెనే ప్రోగ్రాం ఆగుతది," అన్నాడు సంగమేశ్వర్. "దేవప్ప అందరికీ ఇంగ్లీషే ఇస్తుండు. కంగ్టి ఊరి ఆడోళ్లు రసీదు సదువుకోవాలని తెలుగుల ఇచ్చేది గీ పిల్లొక్కతే."

వీరప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ప్రోగ్రాం మంచిగ చేపియ్యి. ఇగ అందరికీ తెలుగే. నువ్ కూసో బిడ్డా," అని ఎలీసబెతుకు కుర్చీ వదిలేశాడు.

బయటికి వచ్చాక ఎలీసబెతు అడిగింది. "తప్పు నిన్ననే దొరికిందంట గదన్నా. మళ్ల గిదంత ఎందుకు?"

"దొరికితే సాలదు చెల్లె. నీ మీద పడ్డ మాట పోవాలంటే గది సావుకారి చేతులనే ఆగాలె."

ఆమె ఆనందం పట్టలేక హోటల్‌కు పరుగెత్తి, వేడివేడి మిర్చి బజ్జీలు, పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. సంగమేశ్వర్ రెండింటినీ చూశాడు. వెలిగిపోతున్న ఆమె ముఖం చూశాడు. బజ్జీలన్నీ తిని, మజ్జిగ చివరి చుక్కదాకా తాగాడు.

మరునాడు ఆయన దుకాణం తెరవలేదు. వచ్చినవాళ్లకు కాశమ్మే జవాబు చెప్పింది.

"పాత దొంగలు మళ్ల కలిసిండ్రు. రేపు రాండ్రి."