పాట నడవని దారిలో రెసిస్టర్

2023 వర్షాకాలం. కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర నా ఆంప్లిఫయర్ రిపేరు షాపు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివి ఈ పనేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పి చెప్పి నా నోరు పదునెక్కింది. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే ఓబులేసు తన ట్యూబ్ ఆంప్లిఫయర్‌ను మోసుకొచ్చాడు. ఒకటే గుర్రుమంటోందట. సాయంత్రం వర్తూరులో ప్రోగ్రాం.

"లోపల రెసిస్టర్లన్నీ నేనే మార్చినానక్కా. పాత రేడియోల్లోంచి తీసిన కార్బన్‌వి. సౌండు మెత్తగా ఉంటాది."

"మెత్తగా ఉంటే చాలా? లెక్క కట్టినావా?"

"కట్టినా. అర వాట్ సరిపోతాది. నేనేమన్నా చదువుకోనోణ్ణా?"

ముందు కరెంటు సప్లై ఒక్కటే చూద్దామని ట్యూబులు పీకి, మీటర్ తగిలించి స్విచ్ వేశాను. నాలుగు వందల ఎనభై వోల్టులు. ఆఫ్ చేసి ప్లగ్ పీకేశాను. వాదన మాత్రం ఇద్దరమూ ఆపలేదు.

"ఈ టంకం చూడక్కా, ఎంత నున్నగా ఉండాదో!" అంటూ ఓబులేసు లోపలికి వేలు పోనిచ్చాడు.

అప్పుడు నా కళ్లు మీటర్ మీద పడ్డాయి. ప్లగ్ నా చేతిలోనే ఉంది. అంకె మాత్రం దిగడం లేదు.

"చెయ్యి తియ్యప్పా!"

కాలర్ పట్టి లాగాను. కుర్చీతో సహా వెళ్లి గోడకు తగిలాడు.

"పిచ్చి పట్టిందా అక్కా? ప్లగ్గే లేదు కదా!"

"నోరు మూసుకుని ఆ అంకె చూడు."

చూశాడు. కాలర్ సర్దుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆఫ్ చేశాక కెపాసిటర్లలో నిలిచిపోయే కరెంటును ఖాళీ చేసే రెసిస్టర్‌ను బ్లీడర్ అంటారు. ఓబులేసు దాన్నీ మార్చేశాడు. వాట్ల లెక్క తప్పు కాదు. కానీ రెసిస్టర్‌కు వోల్టుల హద్దు వేరే ఉంటుంది. అర వాట్ వాటికి మామూలుగా మూడు వందల యాభై. అది దాటితే ఏదో ఒకరోజు లోపలే తెగిపోతుంది, పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. వేడెక్కిన ట్యూబులు ఆ కరెంటును తాగేస్తూ వచ్చాయి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇవాళ వాటిని నేనే పీకేశాను.

క్లిప్పులున్న పెద్ద రెసిస్టర్‌తో కెపాసిటర్లను ఖాళీ చేశాను. బ్లీడర్ స్థానంలో రెండు వాట్లవి రెండు, ఒకదాని వెనక ఒకటి వేశాను, వోల్టులు చెరిసగం పంచుకునేలా.

"సౌండు మారదు కదక్కా?" అన్నాడు ఓబులేసు.

"ఆ దారిలో పాట నడవదు నాయనా. అది నువ్వు బతకడానికి."

గుర్రుకు కారణం? ఆ నున్నటి టంకమే. పైకి మెరుస్తోంది, లోపల అతుక్కోలేదు.

అప్పటినుంచి 'ఆఫ్ చేశాను' అన్న మాటను నేను నమ్మను, అన్నది నేనైనా సరే. నా బల్ల దగ్గర ఎవరైనా ఎంతైనా వాదించవచ్చు. మీటర్ సున్నా చూపేదాకా చేతులు మాత్రం జేబుల్లో ఉండాలి.