హాఫ్‌టైంలో చెప్పు

కింది ఇంట్లో టీవీ పెద్దగా పెట్టుకుని ఫుట్‌బాల్ చూస్తున్నారు. నేను పైన వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. ఉన్నట్టుండి పొడుగ్గా ఈల వినిపించింది. జనం గోల తగ్గి ప్రకటనల పాట మొదలైంది. అంతే, నా నోరు దానంతటదే తెరుచుకుంది. "జెన్నీకి నర్సింగులో సీటు వచ్చిందన్నా" అని గోడకు చెప్పాను. చెప్పి, పులుసు కారుతున్న చేతులతో అట్లాగే నిలబడిపోయాను. ఎవరైనా వింటే ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. మతి ఉన్నచోటే ఉంది. ఇది దానియేలన్న పెట్టిపోయిన అలవాటు. ఆ ఈల వేస్తే ఆట సగం అయినట్టు, ఇంటి సంగతులు చెప్పుకోవడానికి పావుగంట దొరికినట్టు.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. తొండియార్‌పేట హౌసింగ్ బోర్డు ఇళ్ళలో మాది, వాళ్ళది పక్కపక్క వాకిళ్ళు. ఆయన హార్బరులో క్రేను నడిపేవాడు. వయసులో ఉన్నప్పుడు హార్బరు జట్టుకు గోల్‌కీపరు. ఎడమ చేతి చిటికెన వేలు బంతి తగిలి వంకరపోయి, కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ వేలొకటి విడిగా నిలబడేది. మాది గుడి, వాళ్ళది చర్చి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి ఈ తమిళ ఊరికి వచ్చినవాళ్ళమే రెండిళ్ళవాళ్ళమూ. ఆయన్ను అన్న అన్నాను, ఆయన పెళ్ళాం సరోజను వదిన అన్నాను. అంతకు మించి చుట్టరికం లేదు. ఆయన మంచివాడని రాయమంటే రాయను. మొండివాడు. సాంబారులో ఉప్పు తగ్గితే కంచం ముందు మౌనవ్రతం పట్టేవాడు. కానీ ఈ నాలుగు ముక్కలు నేను నా చేత్తో రాస్తున్నానంటే అది ఆయన చలవే.

ఆ ఇంట్లో ఆట నడుస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. గ్యాసు అయిపోయినా, నల్లాలో నీళ్ళు వచ్చినా, ఊళ్ళో ఎవరైనా పోయినా, "హాఫ్‌టైంలో చెప్పు" అనేవాడు కళ్ళు టీవీ మీద నుంచి తిప్పకుండా. వాళ్ళ కూతురు గ్రేసుకు సంబంధం వచ్చిన రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పిల్లవాడి తల్లి ఆవడి ఊరి నుంచి పట్టుచీర కట్టుకుని దిగింది. అప్పటికి ఆట మొదలై కొంచెంసేపయింది. అన్న లేచి నమస్కారం పెట్టి, కుర్చీ వేసి, "కాఫీ తాగండమ్మా, హాఫ్‌టైంలో మాట్లాడుకుందాం" అని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు. ఆ తల్లి బిత్తరపోయి వదిన వైపు చూసింది. వదిన తల కొట్టుకుంటూ, "మా ఇంట్లో ఏసుప్రభువు వచ్చినా ఈ టైములో వాకిట్లో నిలబడాల్సిందే వదినా. మీకు కుర్చీ అన్నా వేసినాడు" అంది. ఆవిడ పకపకా నవ్వింది. ఈల వేశాక పావుగంటలో కట్నం వద్దన్న మాట, పెళ్ళి చర్చిలోనా హాల్లోనా అన్న మాట, అన్నీ తేలిపోయాయి. "చూడు మే రాజమ్మా, టైము తక్కువుంటే మనుషులు చెత్త మాట్లాడరు" అన్నాడు నాతో, రెండో సగం మొదలవుతుంటే.

నేను అప్పట్లో వీధి మొగలో వడల అంగడి పెట్టుకుని ఉన్నాను. నా మొగుడు పోయాడు, నాకు యాభై దాటింది, అక్షరం ముక్క రాదు. పాత పేపర్లు కిలో లెక్కన కొని వడలు చుట్టి ఇచ్చేదాన్ని. ఒకనాడు అన్న పొట్లం విప్పి, వడలు చేతిలో పట్టుకుని, నూనె కాగితాన్ని ఎండకు ఎత్తి చదవడం మొదలుపెట్టాడు.

"దేంట్లో చుట్టినావో తెలుసునా మే? మనోళ్ళు నిన్న ఓడిపోయిన కథలో చుట్టినావు."

"నాకేం తెలుసన్నా. చదువు రాదు కదా."

"రాకుంటే నేర్చుకో."

"ఈ వయసులోనా? సిగ్గుగా ఉంటది."

"సిగ్గుపడే వయసు నీకెప్పుడో అయిపోయింది. సాయంత్రం ఇంటికి రా."

ఆయన చిన్నప్పుడు చర్చి బడిలో బైబిలు కోసం తెలుగు నేర్చుకున్నాడు. పిల్లలకు తమిళం తప్ప చదవడం రాదు. వదినకు ఏదీ రాదు. "నేను పోతే ఈ ఇంటికి తెలుగు పేపరు ఎందుకు రావాలి? నువ్వన్నా నేర్చుకో" అనేవాడు. నాకు పలక కొనలేదు, వాచకం కొనలేదు. ఆటల పేజీ ముందేసి, వంకర వేలితో ఒక్కొక్క అక్షరం తాకి చూపించాడు. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'ఓటమి'. మా ఊరి జట్టు పుణ్యమా అని ఆ మాట వారం వారం కనిపించేది, తొందరగా వచ్చేసింది. 'విజయం' నేర్చుకోవడానికి మరుసటి సీజను దాకా ఆగాల్సి వచ్చింది.

నాకొక దుర్గుణం ఉండేది. మొదటి రెండక్షరాలు చదివి మిగతాది ఊహించుకుని చెప్పేసేదాన్ని. 'గెలు' అని కనిపిస్తే 'గెలిచారు' అనేసేదాన్ని. అక్కడ 'గెలుపు చేజారింది' అని ఉండేది. ఆయన పేపరు లాక్కునేవాడు. "రాసింది చదువు మే. నీకు తోచింది చదివేదానికి పేపరెందుకు? కళ్ళు మూసుకుని చెప్పు, నేనూ కళ్ళు మూసుకుని వింటా." ఆ మాట ఎన్నిసార్లు తిన్నానో. చివరికి ఆ దుర్గుణం పోయింది.

తరువాత నిజంగానే ఆయన కళ్ళు మూసుకుని వినే రోజులు వచ్చాయి. చక్కెర జబ్బు ముందు చూపు తీసుకుపోయింది. టీవీ ముందు అదే కుర్చీలో కూర్చునేవాడు. నేను పక్కన నేల మీద కూర్చుని బంతి ఎక్కడుందో చెప్పేదాన్ని. మరునాడు పొద్దున పేపరు చదివి వినిపించేదాన్ని. ఆట తాను విన్నదే అయినా పేపరులో వస్తేనే ఆయనకు అయినట్టు. ఏళ్ళ తరబడి అట్లా జరిగింది. ఎవరి బిడ్డ ఫెయిలయింది, ఎవరింట్లో చీరలు ఎలుక కొట్టింది, నా అంగడిని కార్పొరేషన్‌వాళ్ళు ఎప్పుడెత్తేశారు, ఇవన్నీ ఆయన హాఫ్‌టైంలోనే విన్నాడు. విని ఒకటి రెండు మాటల్లో తీర్పు చెప్పేవాడు. మళ్ళీ ఈల వేస్తే నోరు మూసుకునేవాడు.

చాలా కాలం తరువాత మా ఊరి జట్టు ప్లేఆఫ్‌కు వచ్చిన ఏడు అది. ఓడితే ఇంటికి, గెలిస్తే ముందుకు. ఆ వారమంతా ఆయన గడ్డం గీసుకోలేదు, మొక్కు అన్నాడు. కాలికి పుండు ఉండేది, కట్టు కట్టుకుని తిరిగేవాడు. ఆట ఉన్న రోజు మధ్యాహ్నం గ్రేసు ఆస్పత్రి నుంచి వచ్చి నన్ను మెట్ల దగ్గర ఆపింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"నైన కాలు తీసేయాలంట అత్తా. మోకాలి కింద దాకా. ఆలస్యం చేస్తే విషం పైకెక్కుతాదంట. నువ్వు ఈరోజు నోరెత్తొద్దు. మ్యాచి కానీ, రేపు మెల్లగా చెప్తాం."

సరేనన్నాను. మొదటి సగంలో ఎవరికీ గోల్ పడలేదు. ఈల మోగింది. అన్న కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పటిలాగే, "ఊఁ, చెప్పండి" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రేసు ఫోను చూసుకుంటోంది. దాని కూతురు జెన్నీ నేల చూస్తోంది. నేను గోడ చూస్తున్నాను. ప్రకటనలు ఒకదాని తరువాత ఒకటి వెళ్ళిపోతున్నాయి.

"ఏంది, ఊరంతా చచ్చిపోయిందా?" అన్నాడు నవ్వుతూ. ఇంకో ప్రకటన అయిపోయింది. నవ్వు ఆగిపోయింది. "ఈ ఇంట్లో హాఫ్‌టైంలో ఎవురూ నోరెత్తకపోవడం ఇదే చూస్తున్నా. గ్రేసూ, డాక్టరు ఏమన్నాడు?"

గ్రేసు, "ఏం లేదు నైనా, మాత్రలు మార్చినాడు" అంది.

ఆయన ముఖం నా వైపు తిరిగింది. చూపు లేకపోయినా నేనెక్కడ కూర్చున్నానో ఆయనకు తెలుసు. "రాజమ్మా. నువ్వు చెప్పు."

చెప్పాను. దాచడం నాకు చేతకాదు. గ్రేసు ఏడుపు మొదలుపెట్టింది. ఆయన కుడి కాలి మీద చెయ్యి వేసుకుని కట్టు తడుముకున్నాడు. ఆ కాలితో గోల్ దగ్గర నుంచి తన్నితే బంతి సగం మైదానం దాటేదట. ఆ మాట వెయ్యిసార్లు విన్నవాళ్ళమే అందరమూ.

"సరే, వినండి," అన్నాడు. "మనోళ్ళు గెలిస్తే తీయించుకుంటా. ఓడితే నన్ను అడగొద్దు."

"ఆటకూ కాలికీ ఏం సంబంధం నైనా!" అని అరిచింది గ్రేసు.

"నాకుంది" అన్నాడు. ఈల మోగింది. ఇక మాటల్లేవు.

ఇన్నేళ్ళూ నేను ఆట చూసింది ఆయన కోసం. ఆ నలభై అయిదు నిమిషాలు మాత్రం నా కోసం చూశాను. వదిన బైబిలు ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతోంది. నేను మా ఎల్లమ్మను పిలుచుకున్నాను. జెన్నీ గోళ్ళు కొరుకుతోంది. ఏ గోల్ ఎట్లా పడుతుందో ఎన్నడూ పట్టించుకోని గ్రేసు, "తన్నురా, తన్నురా నాయనా" అని ముక్కూ ముఖం తెలియని పిల్లలకు మొక్కుతోంది. "బంతి ఎక్కడ మే?" అని అడుగుతున్నాడు అన్న. "ఆడ, వాళ్ళ గోల్ దగ్గరన్నా... పోయింది... మనోడు బయటికి తన్నినాడు." ఆట ఇంకొంచెంలో అయిపోతుందనగా బంతి ఇటు వచ్చింది. మన గోల్‌కీపరు ఒక అడుగు ముందుకు వచ్చాడు, మళ్ళీ వెనక్కి పోదామనుకున్నాడు. అంతలోనే తల మీదుగా పోయింది.

"పడిందా?"

"పడిందన్నా. మన వలలో."

"ముందుకొచ్చినోడు వెనక్కి పోకూడదు" అని ఒక్క మాటన్నాడు. అది మైదానంలో పిల్లవాడికి చెప్పినట్టూ ఉంది, తనకు తాను చెప్పుకున్నట్టూ ఉంది. చివరి ఈల దాకా కూర్చుని, గోడ పట్టుకుని లేచి పడుకోవడానికి పోయాడు.

పొద్దున నేను పేపరు తీసుకుని పోతుంటే గ్రేసు మళ్ళీ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. రాత్రంతా నిద్రపోలేదు. నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఆ గోల్ చెల్లదన్నారని చదువు. మ్యాచి మళ్ళీ ఆడిస్తారంట అని చదువు. ఆయనకెట్ట తెలుస్తాది? ఈ ఇంట్లో నీకు తప్ప తెలుగు చదవడం ఎవురికీ రాదు. టీవీ వైరు పీకేసినా. ఒక్క రోజు నమ్మితే చాలు, ఈలోగా ఆస్పత్రిలో చేర్చేస్తా."

నేను పోయి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గ్రేసు తలుపు దగ్గర నిలబడింది. పేపరు విప్పాను. పైన పెద్దక్షరాలతో నేను మొదట నేర్చుకున్న మాటే ఉంది. అది చూశాక నా నాలుక ఇంకోలా తిరగలేదు. ఉన్నది ఉన్నట్టు, చివరి వాక్యం దాకా చదివాను. గ్రేసు తలుపు దగ్గర నుంచి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

"ఇంకేమన్నా రాసినారా?" అన్నాడు.

"లేదన్నా."

"కింద చూడు."

"కింద చీరల అంగడి ప్రకటన ఉంది."

"పక్క పేజీలో?"

"క్రికెట్టు."

"సరే" అన్నాడు. దుప్పటి పైకి లాక్కుని, "తప్పు లేకుండా చదివినావు మే" అన్నాడు. గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు.

తరువాత చర్చి పాస్టరు వచ్చి చెప్పాడు, అల్లుడు కాళ్ళు పట్టుకున్నాడు, జెన్నీ "ప్లీజ్ తాతా" అని ఏడ్చింది. ఆట మీద చెప్పిన మాట తప్పనన్నాడు. జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పోయాక ఎత్తుకుని ఆస్పత్రికి పోయారు. అప్పటికే విషం పైకెక్కింది. రెండు కాళ్ళతోనే పెట్టెలో పడుకున్నాడు. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే గ్రేసు అందరి ముందూ నన్ను నిలదీసింది. "ఒక్క అబద్ధం చదివుంటే మా నైన బతికుండేవాడు. నీ చదువు తగలెయ్య." దుఃఖంలో ఉన్న బిడ్డ మాటకు బదులుండదు. ఆమె మాట నన్ను అంతగా కోయలేదు. నెల తరువాత వదిన మెల్లగా అన్నది కోసింది.

"ఇన్నేళ్ళు పేపరు విన్నాడు కదా మే," అంది వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "ఇంకేమన్నా రాసినారా అని ఎప్పుడన్నా అడిగినాడా?"

ఎప్పుడూ అడగలేదు. చదవడం అయిపోగానే "సరే, కాఫీ తాగు" అనేవాడు. ఆ రోజు మూడుసార్లు అడిగాడు. తాను వేసుకున్న ముడి తానే విప్పుకోలేక, నేను విప్పుతానేమోనని చూశాడా? నేను అబద్ధం చెప్తే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడా? లేక ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు ఓడిన రోజు ఇంకో ముక్క కోసం వెతుక్కున్నాడా, అంతేనా? చెప్పేవాడు లేడు. నేను తప్పు చదివానని అనను. ఆయన నేర్పినట్టే చదివాను. ఆయన నేర్పిన చదువే ఆయనకు అడ్డం పడిందేమో, అది మాత్రం నాకు తేలలేదు. ఇక తేలదు కూడా.

ఇప్పుడు కింది ఇంట్లో టీవీ ఆపేశారు. ఆపిన తీరులోనే తెలిసింది, మా ఊరి జట్టు ఈసారీ ప్లేఆఫ్‌లో ఓడింది. గ్రేసు నాతో ఇప్పటికీ మాట్లాడదు. నర్సింగు సీటు కబురు జెన్నీయే మిఠాయి డబ్బాతో వచ్చి చెప్పింది, వాళ్ళమ్మకు తెలియకుండా. రేపు పొద్దున పేపరు వస్తుంది. దాన్ని ఇప్పటికీ ఆపించలేదు, ఆటల పేజీ ఇప్పటికీ పైకే చదువుతాను. చివరి వాక్యం అయ్యాక కళ్ళు కిందికి పోతాయి, చీరల ప్రకటన దగ్గరికి. తరువాత పక్క పేజీకి. ఇంకేమన్నా రాసినారేమో అని.