ఎడమ రెక్క ఈకలు

హంసల కయ్య అనే ఉప్పునీటి పాయలోకి సముద్రపు పోటు రావాలన్నా ముందు హంసలను అడిగి రావాలని ఆ తీరంలో చెప్పుకుంటారు. జూలై నడిమికి అన్నన్ని దిగుతాయి. గూళ్ళున్న జంటలు పైన బీళ్ళలోనే ఉండిపోతాయి. కిందికొచ్చేవి జత దొరకనివి, దొరికినా గూటికి చోటు దొరకనివి. ఇక్కడ రెక్కల ఈకలన్నీ రాల్చుకుని, నెల దాకా ఎగరలేక నీళ్ళలో పడి ఉంటాయి.

"తూమీ, నీ చుట్టాలు దిగార్రా," అనేవాడు ఆసామి ఇల్లుగి, ఏటా.

తూమి ఆ ఇంట ఇరవై రెండేళ్ళుగా పాలేరు. పాలు పితికే గ్రోవాను పెళ్ళాడతానని ఆసామిని పదకొండేళ్ళుగా అడుగుతున్నాడు. ఆ రోజుల్లో ఐస్‌లాండులో కౌలు నేల లేని పాలేరుకు పెళ్ళి లేదు. నేల ఇల్లుగి చేతిలో ఉంది.

ఆ ఏడు ఇల్లుగి మెత్తబడ్డాడు.

"పాస్టరు గారికి కలాలు కావాలట. కుడిచేత్తో రాసేవాళ్ళకి ఎడమ రెక్క ఈకే కుదురుతుంది. మూడొందలు ఏరుకురా, ఏటవతలి గుడిసె, నేల నీకే. కుడి రెక్కవి తెచ్చావో, మాట లేదు. వాటితో ఎడమచేతివాడు తప్ప ఎవడూ రాయలేడు."

"ఏది ఎడమో ఎట్లా తెలుస్తుందయ్యా?"

"కాడకి ఒక పక్క గాడి ఉంటుంది. గాడి కిందికి, మొన అవతలికి పెట్టు. సన్నంచు ఎడమకొస్తే ఎడమ రెక్కది. పాలు తాగే పిల్లకి కూడా తెలుసురా."

తూమి ఐదు వారాలు నడుం లోతు బురదలో ఈకలు ఏరాడు. ఒక పోతుహంస రెక్కతో కొడితే రెండు పక్కటెముకలు విరిగాయి. గ్రోవా ఉన్నిగుడ్డతో బిగించి కట్టింది.

"పెళ్ళినాడు నన్నెత్తుకోకులే. నేనే నిన్ను మోస్తా."

మూడు వందలూ తెచ్చి ముందు పోసేసరికి హంసలకు కొత్త ఈకలు వచ్చి కయ్య ఖాళీ అయింది. ఇల్లుగి ఒకటి తీసి, గాడి పైకి తిప్పి చూశాడు.

"అన్నీ కుడివే."

"మీరు చెప్పినట్టే ఏరానయ్యా. గాడి కిందికన్నారు."

"పైకన్నాను."

"కిందికే అన్నారు, నేను విన్నాను," అంది గుమ్మంలో నిలబడ్డ గ్రోవా.

"ఆవులేమన్నాయో అది చెప్పవే నువ్వు."

ఇల్లుగి చాకుతో ఆ ఈకనే కలంగా చెక్కి, తూమి పాలేరుతనం మరో ఏడు పొడిగిస్తూ కాగితం రాయడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో రాశాడు. ఎక్కడా గీరుకోకుండా నూనెలా జారింది కలం.

"అయ్యా, మీది ఎడమ చెయ్యా?" అన్నాడు తూమి.

"చిన్నప్పుడు కట్టేసి కొట్టారు, అయినా పోలేదు. పాస్టరు నవ్వుతాడని ఇలాంటి ఈకలు ఎవరినీ అడగలేను. ఇన్నాళ్ళకి దొరికింది మంచి కలం. కింద సంతకం చోట గీత పెట్టు."

తూమి గీత పెట్టాడు.

పనివాళ్ళు ఇళ్ళు మారే మే నెలలో గ్రోవా బీడు దాటి వేరే ఇంటికి పనికి పోయింది. ఆ ఈకలు ఇల్లుగికి పద్నాలుగేళ్ళు వచ్చాయి. ఏటా తూమి కాగితం వాటితోనే రాశాడు. కొన్నాళ్ళకు ఆసామి నోరు తెరవనక్కరలేకపోయింది. జూలైలో కయ్య తెల్లబడగానే తూమే వచ్చి చెప్పేవాడు.

"మా చుట్టాలు దిగారయ్యా."