ఎడమకాలి కింది నేల

అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అంతవరకే. ఆ ఫైర్ స్టేషన్‌లో అందరికీ అతను ఆగన్న. ఏ పనికైనా ముందు "ఆగు" అనడం అతని ఊతపదం. టీ గ్లాసు అందిస్తే ఆగు, తలుపు తీయబోతే ఆగు, ఎవరైనా జోకు మొదలుపెడితే దానికీ ఆగే. పెళ్ళి ఫోటో తీస్తుంటే ఫోటోగ్రాఫరును కూడా "ఆగు" అన్నాడట. అందుకే ఆ ఫోటోలో పెళ్ళికొడుకు నోరు తెరుచుకుని ఉన్నాడని, పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక పోతోందని వాళ్ళ అక్కయ్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆ పెళ్ళికూతురు పోయి మూడేళ్ళయింది. ఫోటో మాత్రం రెండు గదుల ఇంట్లో గోడకి ఉంది. ఆ ఇంట్లో ఆగన్న "ఆగు" అందామన్నా ఎవరూ లేరు.

అతను నడిపేది నిచ్చెన బండి. నడపడమంటే స్టీరింగు తిప్పడమే అనుకునేరు. అసలు పని బండి నిలిపాకే మొదలవుతుంది. పక్కలనుంచి నాలుగు ఇనుప కాళ్ళు బయటికి చాచాలి. ఒక్కో కాలి కింద మందపాటి చెక్క వెయ్యాలి. చక్రాల మీది బరువంతా ఆ కాళ్ళ మీదికి తేవాలి. మట్టం చూసే గాజు గొట్టంలో నీటి బుడగ గీతల మధ్య నిలిచిందా, పైన కరెంటు తీగలున్నాయా, గాలి ఎటు వీస్తోంది, అన్నీ చూసుకోవాలి. అప్పుడు గానీ నిచ్చెన లేవదు. లేచాక ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. ఆగన్న మాత్రం నిచ్చెన మొదట్లో ఉన్న బుల్లి కుర్చీలో, మీట మీద చెయ్యేసి కూర్చుంటాడు. పైన మనిషి ఉన్నంతసేపు ఆ కుర్చీ దిగకూడదు. దోమ కుట్టినా దిగకూడదు, పిడుగు పడినా దిగకూడదు. కిందికి దిగినవాళ్ళు ఎక్కి తెచ్చినవాడి చేతులు పట్టుకుని ఏడుస్తారు. కుర్చీ వైపు ఎవరూ చూడరు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ చూడలేదు. "నాకేం, నీడపట్టున కూర్చునే ఉద్యోగం" అని నవ్వేసేవాడు గానీ, నిజం చెప్పాలంటే కాస్త వెలితిగానే ఉండేది.

ఎక్కేవాడు బక్కోడు. మనిషి సన్నమే గానీ భుజాన మరో మనిషిని వేసుకుని మెట్లు దిగిపోతాడు. పందొమ్మిదేళ్ళుగా వాడు పైన, ఆగన్న కింద. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర బాక్సులు విప్పుకునేవాళ్ళు. ఆగన్న వంట నోట్లో పెట్టుకోలేక బక్కోడు తన బాక్సు అటు తోసేవాడు.

ఆగన్నకు ఇంకో అలవాటుంది. ఇనుప కాలు దించేముందు నేల చూసుకోమని పుస్తకంలోనూ రాసి ఉంది. గడ్డపారతో కొట్టి వినమని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది అతని సొంత పద్ధతి. నాలుగు మూలలా నాలుగు పోట్లు పొడుస్తాడు, చెవి ఒగ్గుతాడు. గట్టి నేల టంగుమంటుంది. డొల్ల నేల బొద్దుమంటుంది. కుర్రకారు వెనకనుంచి వెక్కిరించేవాళ్ళు, "డాక్టరుగారు గుండె చూస్తున్నారు, మాట్లాడకండ్రా" అని.

ఎనిమిది నెలల కిందట, పొద్దున పదింటికి, ఒక నాలుగంతస్తుల ఇంట్లో మంటలు లేచాయి. మెట్లన్నీ పొగ. పై అంతస్తు కిటికీలో ఓ పెద్దాయన తల బయటపెట్టి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. మందుల కోసం కిందికి వచ్చిన కూతురు వీధిలో నిలబడి "నాన్నా, నాన్నా" అని గుండెలు బాదుకుంటోంది. ఆఫీసరు "కాళ్ళు దించెయ్, దించెయ్" అని కేకలు. ఆ హడావిడిలో ఆగన్న మొదటిసారి గడ్డపార తీయకుండానే కాళ్ళు దించాడు. నాలుగు కాళ్ళూ ఆనాయి. మీటల పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. అప్పుడు మనసొప్పక ఒక్క ఉదుటున వెళ్ళి, ముందు ఎడమ కాలి పక్కన ఒక్క పోటు పొడిచాడు.

బొద్దుమంది.

"ఆగు!"

బక్కోడు అప్పటికే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అక్కడ ఈ మధ్యే మురుగు గొట్టం కోసం రోడ్డుకు అడ్డంగా తవ్వి, మట్టి పోసి, పైన కంకర పరిచారు. పచ్చ దీపం చెప్పేదల్లా ఆ క్షణాన కాలు నేలకు ఆనిందని. నిచ్చెన ఎడమకు తిరిగి, నాలుగంతస్తులు చాచి, చివర ఇద్దరు మనుషుల్ని మోసేటప్పుడు బరువంతా వచ్చి ఆ ఒక్క కాలి మీద పడుతుంది. అప్పుడు అది కుంగితే బండీ నిచ్చెనా మనుషులూ అంతా ఒక్క కుప్పే. దీపానికి అదేం తెలుసు? ఆగన్న వాణ్ణి దింపి, ఇనుప కాళ్ళెత్తేశాడు. బండిని ఏడడుగులు ముందుకు తీశాడు. ఈసారి నాలుగు మూలలా కొట్టి, విని, మళ్ళీ దించాడు. "ఎక్కడికి పోతున్నారు? మా నాన్న అక్కడుంటే ఎక్కడికి పోతున్నారు?" అని ఆ అమ్మాయి బండి వెంట పరిగెత్తింది.

దాంతో నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. పెద్దాయనను ప్రాణంతోనే దించారు. రెండు రోజులకు ఆసుపత్రిలో పోయాడు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడట.

విచారణ జరిగింది. నిచ్చెన బండివాడి పనిలో లోపం లేదని కాగితం వచ్చింది. కాగితందేముంది? మర్నాడు మధ్యాహ్నం బక్కోడు బాక్సు విప్పలేదు.

"దీపం వెలిగింది కదన్నా" అన్నాడు. "ఒక్కసారి, ఒక్కసారైనా ఆ గడ్డపార పక్కన పడేసుంటే నీ సొమ్మేం పోయేది? ఆయన నా మెడ పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'ఇంతసేపా బాబూ' అన్నాడు."

వాడు బాక్సు తీసుకుని వరండాలోకి పోయాడు. ఆనాటినుంచి వరండాలోనే తింటున్నాడు. డ్యూటీలో ఎక్కమంటే ఎక్కుతాడు, దిగమంటే దిగుతాడు, అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆగన్నకు ఒళ్ళు మండదా మరి? ఆ నేల నిజంగా కుంగేదే అయితే మొదట నేలకు రాలేది వాడే. ఆ మాట వాడి మొహం మీద అనాలని ఆగన్నకు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. కానీ రుజువేది? పది రోజులు తిరక్కుండా ఆ కంకర మీద తారు పోసేశారు. గొట్టాల ఆఫీసుకు వెళ్తే గుమాస్తా తల కూడా ఎత్తకుండా "బాగానే పూడ్చాం, సంతకాలున్నాయి" అన్నాడు. ఆ బొద్దుమన్న చప్పుడు విన్నది లోకంలో ఆగన్న ఒక్కడే. రానురాను తన చెవి మీద తనకే నమ్మకం సడలింది.

అప్పుడు పట్టుకుంది పిచ్చి. వారానికొక సెలవు. ఆ సెలవు రోజు పొద్దున్నే తయారై ఆ వీధికి పోయి, రోడ్డుకి ఇవతల టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. ఎదురుగా దుప్పటంత వెడల్పున, మిగతా రోడ్డుకన్నా నల్లగా, అడ్డంగా ఓ పట్టీ. దాన్నే చూస్తుంటాడు.

"ఇల్లు కొనేదుందా, అల్లుణ్ణి వెతికేదుందా?" అంది టీ కొట్టు ఆవిడ, మూడో వారం.

ఆరో వారానికి ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ గ్లాసులు కడుగుతూ విన్నది.

"ఇప్పుడది కుంగితే నీకేం ఒరుగుతుంది బాబూ?"

"కుంగితే, ఆ పెద్దాయన్ని చంపింది నేను కాదని తెలుస్తుంది."

అన్నాక సిగ్గేసింది. నడివీధిలో రోడ్డు కుంగాలని కోరుకుంటూ కూర్చునే మనిషి ఎవడైనా ఉంటాడా? కానీ కోరుకున్నాడు. వాన పడితే సంబరపడ్డాడు. ఆదివారం ఫోన్‌లో అక్కయ్య "ఎక్కడికి పోతున్నావురా ప్రతివారం, చెప్పి చావు" అంటే "ఊరికే, గాలికి" అన్నాడు. నాలుగో అంతస్తు బాల్కనీలో ఆ పెద్దాయన కూతురు బట్టలారేస్తుంది. అతన్ని గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఆమె వచ్చినప్పుడల్లా తల వంచుకుని టీ తాగేవాడు.

ఒక సెలవు రోజున, పది దాటాక, కాంక్రీటు లారీ ఒకటి వీధిలోకి వచ్చింది. వెనక డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. ఆ ఇంటి పక్క స్థలంలో పునాదులు పోస్తున్నారు. లారీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. కూలీ ఒకడు దాని వెనక చక్రం పక్కన నడుస్తూ "రానీ, రానీ" అని చెయ్యి ఊపుతున్నాడు. ఆగన్న చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. వెనక ఎడమ చక్రాలు సరిగ్గా ఆ నల్ల పట్టీ మీదికే వస్తున్నాయి. నిండు లారీ, నిచ్చెన బండికి తీసిపోని బరువు. గంటసేపు అక్కడే నిలబడి పోస్తుంది. ఎనిమిది నెలలుగా అతను అడుగుతున్నదానికి జవాబు తనంతట తనే వెనక్కి నడిచి వస్తోంది. తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని టీ తాగడమే.

"రానీ, ఇంకో గజం."

కుంగితే బక్కోణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించొచ్చు. ఆ అమ్మాయి బాల్కనీలోంచి తన కళ్ళతో తను చూస్తుంది. నిజంగానే అర గజం దాకా ఊరుకున్నాడు. అది దాచాల్సిన పని లేదు.

"ఆగు!"

వీధి వీధంతా ఉలిక్కిపడింది. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు, ఆగన్న వెళ్ళి చక్రాల వెనక చేతులు చాచి నిలబడ్డాడు.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం పెద్దాయనా, చావడానికి నా బండే దొరికిందా?"

"ఇక్కడ నేల డొల్ల. ఏడడుగులు ముందుకు పో."

"రోజూ చెత్త లారీ దీని మీదనుంచే పోతోంది. ఏమైంది?"

"పోవడం వేరు, నిలబడటం వేరు. నువ్వు ముందుకు పోతావా, నన్ను తొక్కించుకుపోతావా?"

"పొద్దున్నే దొరికాడు మహానుభావుడు" అని గొణుక్కుంటూ డ్రైవరు గేరు మార్చాడు. కూలీ నవ్వాడు. లారీ ఏడడుగులు ముందుకు పోయి నిలబడి పని చూసుకుంది. నల్ల పట్టీ మీద గీత కూడా పడలేదు.

ఆగన్న వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ దీనికోసమే కదా కాచుకున్నావు" అంది టీ కొట్టు ఆవిడ. "చేతిదాకా వచ్చాక ఎందుకు చెడగొట్టుకున్నావు?"

"లారీ లోపల మనిషున్నాడమ్మా. పక్కన ఇంకొకడున్నాడు."

ఆవిడ కొత్త గ్లాసులో టీ పోసి పెట్టింది. ఆగన్న తలెత్తాడు. నాలుగో అంతస్తులో ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఆ కేక ఆమె ఇదివరకు ఒకసారి విన్నదే. తడిబట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు కిందికి చూసింది. అతనివైపో, ఖాళీగా ఉన్న ఆ నల్ల పట్టీవైపో తెలియలేదు. ఆ తర్వాత బట్ట ఆరేసి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

అప్పుడు తట్టింది ఆగన్నకు. తను ఈ బల్ల మీద కూర్చున్నంతకాలం ఆ నేల కుంగదు. కుంగే బరువేదీ తను దాని మీద నిలవనివ్వడు. లేనప్పుడు కుంగినా తను చూడడు. ఇంక ఇక్కడ కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు. ఏడుపొచ్చింది. టీ వేడిగా ఉన్నట్టు నటిస్తూ ఊదుకుంటూ తాగాడు.

"వచ్చే వారం వస్తావా?" అని ఆవిడ అడిగింది.

ఆగన్న ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. వచ్చే వారం కూడా సెలవు ఉంటుంది. పోవడానికి చోటే లేదు.