కడిగి తెచ్చిన క్యారియర్

మొన్న ఆదివారం మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆమె పోయి ఏడాది. తార్నాకలో మేముండే గల్లీలోనే షామియానా వేయించి, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక భోజనాలు పెట్టాం. అందరూ చేతులు కడుక్కున్నాక అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, కుర్చీ ముందుకు లాక్కుని ఎప్పటిలాగే ఆ కథ ఎత్తుకున్నాడు. మా ఇంట్లో పెళ్లయినా చావైనా ఆ కథ లేకుండా తిన్నది అరగదు. "మీ నాయనమ్మ రోషం మీకేం ఎరుక? దేశంగాని దేశపోన్ని ఇంట్ల పెట్టుకొని కన్నకొడుకు లెక్క సాదింది. క్రిస్మస్ నాడు అందరి ముందట వాడు మా అక్క చేతి ముద్ద వద్దన్నడు. గంతే. మల్ల వాని మొకం చూడలే," అని నా పిల్లలకు చెప్పాడు. మా అమ్మాయి నా వైపు తిరిగి, "నిజమా డాడీ? అప్పుడు నువ్వున్నవా?" అని అడిగింది. ఉన్నానని తలూపి, కుర్చీలు లెక్కపెట్టే పనేదో ఉన్నట్టు లేచిపోయాను.

మామ చెప్పినవన్నీ జరిగినవే. అది ఎవరివల్ల జరిగిందో మాత్రం ఆయనకు తెలియదు. అమ్మకూ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇరవై రెండేళ్లుగా.

అప్పుడు నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎం.ఏ. ఇంగ్లీషు రెండో ఏడు చదువుతున్నాను. నేను ఇంటర్‌లో ఉండగానే నాన్న పోయాడు. అమ్మ క్యాంపస్‌లోనే ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేసేది. కింద రెండు గదులు మావి, మేడ మీద రేకుల గది ఖాళీ. ఆ ఏడు జూలైలో ఒక ఆదివారం పాస్టరుగారు ఆరాధన అయ్యాక, ఇథియోపియా నుంచి పీహెచ్‌డీకి వచ్చిన అబ్బాయికి హాస్టల్లో గది దొరకలేదనీ, ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా అనీ అడిగారు. ఆ దేశం పేరు అమ్మ బైబిలు వాక్యంలో విన్నది. వాక్యంలో ఉన్న ఊరి నుంచి మనిషి నిజంగా వస్తాడని ఆమె అనుకోలేదేమో, వెంటనే చెయ్యెత్తింది. నన్ను అడగలేదు. నా పుస్తకాలూ పాత సైకిలూ ఆ సాయంత్రమే మేడ మీద నుంచి కిందికి దిగాయి.

వచ్చినతను ముప్పై దాటిన మనిషి. వాళ్ల దేశంలో కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. సన్నగా, పొడుగ్గా, మా గుమ్మం కింద తల వంచకుండా రాలేనంత ఎత్తు. మొదటి రోజు రెండుసార్లు తల కొట్టుకున్నాడు. అమ్మ అతణ్ణి కిందికీ పైకీ చూసి, "నాకంటె నలుపు, నీకంటె పొడుగు, మన పిల్లగాడే," అంది. తర్వాత తెలిసింది, అతనికి గదిలో ఒంటరిగా తినడం రాదని. వాళ్ల ఇళ్లలో అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారట. గౌరవించాలనుకున్న మనిషికి తమ చేత్తో ముద్ద కలిపి నోట్లో పెడతారట. వచ్చిన మూడోనాడు అతను అన్నం, చింతచిగురు పప్పు కలిపి, పద్ధతిగా ముద్ద చేసి, మా అమ్మ నోటి దగ్గర పెట్టాడు.

ఇక్కడ మా అమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది భువనగిరి అవతల ఒక పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న వాడలో. చిన్నప్పుడు పనికి పోయిన ఇళ్లలో దాహమేస్తే దోసిలి పట్టాలి, వాళ్లు పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. హైదరాబాదు వచ్చి ముప్పై ఏళ్లయినా ఆ దోసిలి ఆమెను వదల్లేదు. నా దోస్తులు ఎవరు ఇంటికొచ్చినా ముందు నీళ్ల గ్లాసు ఇచ్చి, తాగుతారా లేదా అని పక్కనుంచి చూసేది. తాగితే ఆ పిల్లవాడు మంచోడు. ఇప్పుడే తాగొచ్చానన్నాడంటే ఆ పేరు మా ఇంట్లో మళ్లీ వినపడేది కాదు. అలాంటి మనిషి నోటికి, అంత చదువుకున్నవాడు, తన చేత్తో ముద్ద పెట్టాడు. ఆమె తిన్నది. నమిలింది. తర్వాత వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. మర్నాడు పొద్దున, "పెద్దోడు లేచిండా?" అని నన్ను అడిగింది. ఇరవై నాలుగేళ్లు ఒక్కడే కొడుకుగా పెరిగినవాణ్ణి, పళ్లు తోముకునేలోపు చిన్నోణ్ణైపోయాను.

వాళ్లిద్దరికీ మాట కలిపేది నేనే. అమ్మకు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. మొదట్లో ఆ పని నాకు సరదాగానే ఉండేది. అతను పచ్చి కాఫీ గింజలు తెచ్చి మా రొట్టెల పెనం మీద వేయిస్తే గల్లీ అంతా వాసన. గింజలు దంచి, కాచి, ఒకదాని తర్వాత ఒకటి మూడు సార్లు పోసేవాడు. మూడూ తాగకుండా లేవడం తప్పట. అమ్మ మూడో కప్పు తాగి, "ఇది కాఫీనా, కషాయమా అడుగురా," అనేది. నేను దాన్ని, చాలా బాగుంది అంటోంది అని మార్చి చెప్పేవాణ్ణి. జొన్నపిండి రెండు రోజులు పులియబెట్టి అతను పోసిన దోసెకు అమ్మ పుల్లట్టు అని పేరు పెట్టింది. బతుకమ్మ రోజుల్లో ఎదురింటి అత్త కోసం అతనూ నేనూ తెల్లారకముందే క్యాంపస్ పొదల్లోకి పోయి తంగేడు పూలు కోసుకొచ్చాం. ఆ పసుపు చూసి అతను కాసేపు పొదల మధ్యే నిలబడిపోయాడు. వాళ్ల కొత్త సంవత్సరం వానలు వెనకబడ్డాక వస్తుందనీ, ఆ రోజు పిల్లలు ఇలాంటి పసుపు పూలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారనీ, ఆ రోజు నెల కిందటే దాటిపోయిందనీ చెప్పాడు. నేను ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "పండుగ నాడు పిల్లగాడు ఉత్తగ ఉన్నడా మనింట్ల?" అని ఆమె ఆ పూటే సేమ్యా పాయసం చేసింది. ఆ మాట నేను సరిగ్గానే చేర్చాను. అందుకే, తర్వాతిది చేతగాక చేసిన తప్పని అనుకోవడానికి నాకు వీల్లేదు.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని అతను నాకు చెప్పాడు. వాళ్ల క్రిస్మస్ జనవరి ఏడున. అంతకు ముందు నలభై మూడు రోజులు ఉపవాస కాలం. మాంసం, గుడ్డు, పాలు ముట్టకూడదు. "మీ పండుగ నా ఉపవాసంలో పడుతుంది. అమ్మకు ముందే చెప్పు, బాధపడకూడదు. ఏడో తారీఖున ఉపవాసం విడిచేది అమ్మ చేతి ముద్దతోనే," అన్నాడు. రేపు చెప్తానన్నాను. మామూలు రోజుల్లో మా ఇంట్లో పప్పూ కూరగాయలే కాబట్టి అమ్మకు తేడా కనపడలేదు. మాంసం వండే ఆదివారాల్లో అతను హబ్సిగూడలో వాళ్ల దేశపు స్నేహితుల గదికి పోయి ప్రార్థన చేసుకుని అక్కడే తినేవాడు. పది రోజులయ్యాక, అమ్మకు చెప్పావా అని అడిగాడు. చెప్పాను, సరేనంది అన్నాను.

మరిచిపోయానని రాసుకుంటే నాకు తేలిక. మరిచిపోలేదు. డిసెంబరు మొదటి వారంలో గోడకు స్టార్ కడుతుంటే కింద నిచ్చెన పట్టుకున్న అమ్మ, "ఈసారి మటన్ల మంచి ముక్క పెద్దోనికి. నువ్వెప్పుడూ తినేటోనివే," అంది. నవ్వుతూనే అంది. నేను స్టార్‌కు తీగ చుడుతూ, చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. అతను వద్దంటే ఆమె మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. ఒక్కసారి మారితే చాలు, మళ్లీ నేనే ఆమె కొడుకునౌతానని లెక్క వేసుకున్నాను. ఎం.ఏ. చదువుతున్నవాడి లెక్క అది.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక ఇంటినిండా జనం. చిన్నమామ, మేనత్త, ఎదురింటివాళ్లు. బగారన్నం, మటన్ కూర. అతను తెల్ల చొక్కా వేసుకుని చాప మీద కూర్చున్నాడు. అతని పళ్లెంలో అన్నం పక్కన కూర పడుతుంటే నా వైపు చూశాడు. నేను నీళ్లు పోసే పనిలో పడ్డాను. అమ్మ వచ్చి అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. అందరికీ వినపడేలా, "పెద్దోడా, నువ్వు నాకు పెట్టినవు. ఇయ్యాల నేను నీకు పెడ్త," అని ముక్కతో ముద్ద కలిపి అతని నోటి దగ్గరికి తెచ్చింది.

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంగ్లీషులో, మెల్లగా, "నువ్వు చెప్పలేదా?" అని నన్ను అడిగాడు. నేను పక్క గ్లాసులోకి నీళ్లు వంచాను. అతను రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ఒకటి వాడాడు. "అమ్మా, వద్దు."

"ఏందిరా, ఏమంటున్నడు?" అన్నాడు మామ.

"తినడంట," అన్నాను.

"మనింట్ల తినడా?"

నేను జగ్గు కింద పెట్టాను. ఉపవాసం అనే ఒక్క మాట. మా చర్చిలోనూ ఉపవాసాలుంటాయి, అమ్మ తనే శుక్రవారాలు ఉండేది. ఆ మాట అని ఉంటే అందరూ నవ్వేసేవాళ్లు, అమ్మ ముందు నన్ను తిట్టి తర్వాత అతనికి పప్పు వేసేది. నేను అనలేదు. అమ్మ ఆ ముద్దను తన పళ్లెంలో పెట్టుకుంది, తినలేదు. లేచి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "వాళ్ల దేశంల గూడ ఉన్నదా గిది," అంది.

ఆ రాత్రి నుంచి అతని పళ్లెమూ గ్లాసూ వేరయ్యాయి. ఆమే వేరు చేసింది. అన్నం పెట్టి మెట్ల మీద ఉంచేది, తిన్న గిన్నెలు బయటి కుళాయి దగ్గర కడిగించేది. తనకు జరిగినదాన్ని ఆమె తన చేతులతో ఇంకొకరికి చేయడం చూస్తూ నేను కింద గదిలో పరీక్షలకు చదువుకున్నాను. అతను మళ్లీ అడిగితే, ముందే చెప్పాననీ, అయినా అందరి ముందు వద్దన్నావని కోపంగా ఉందనీ అన్నాను. పాస్టరుగారు అడిగితే, "పోనీయండి అయ్యగారు," అని తప్పించింది. నాలుగో రోజు అతను పెట్టె సర్దుకుని హబ్సిగూడ స్నేహితుల గదికి వెళ్లిపోయాడు. అమ్మ బయటికి రాలేదుగానీ, ఆ పూటకు తినమని స్టీలు క్యారియర్‌లో పప్పన్నం కట్టి నా చేత పంపింది. అంత కోపంలోనూ ఆకలితో పంపలేదు. మామ కథలో ఈ క్యారియర్ ఉండదు.

జనవరి ఏడున మధ్యాహ్నం అతను వచ్చాడు. భుజం మీద అంచు నేసిన తెల్లటి పల్చని శాలువా, అమ్మ కోసం వాళ్లమ్మ పంపినది. చేతిలో అదే క్యారియర్, కోడికూరా ఉడికిన గుడ్లూ పుల్లట్లతో నింపి. ఉపవాసం ఇంకా విడవలేదన్నాడు. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది, బండ మీద దెబ్బల చప్పుడు గేటుదాకా వినపడుతోంది. వాళ్లిద్దరూ ఎదురుపడితే చాలు, వచ్చీరాని తెలుగులోనైనా నా సంగతి బయటపడిపోతుంది. "అమ్మ నిన్ను చూడనంటోంది," అన్నాను. అతను ఆ చప్పుడు కాసేపు విన్నాడు. శాలువా, క్యారియర్ నా చేతిలో పెట్టి, "అయితే ఇవైనా ఇవ్వు. ఈ రోజు తింటానని చెప్పు," అని వెళ్లిపోయాడు. గేటు దగ్గర అలవాటుగా తల వంచాడు, అక్కడ వంచాల్సిన అవసరం లేదు.

కూర క్యాంపస్ గోడవతల కుక్కలకు పోశాను. శాలువా నా పుస్తకాల పెట్టెలో దాచాను. క్యారియర్ కడిగి, తుడిచి, అతనిచ్చి పోయాడని చెప్పి అమ్మకు ఇచ్చాను. మావైపు ఒకరిచ్చిన గిన్నె ఉత్తది తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తారు. అమ్మ ఒక్కొక్క గిన్నె మూత తీసి చూసింది. "కడిగి మరీ పంపిండు," అంది. అంతే, ఆ పేరు మళ్లీ ఎత్తలేదు. కథ చెప్పుకున్నదంతా మామే.

అతను చదువు ముగించి వెళ్లిపోయాడని ఆ తర్వాత ఎవరో చెప్పారు. రేకుల గదిలోకి అమ్మ ఇంకెవర్నీ రానివ్వలేదు. మళ్లీ ఎవరికీ చేత్తో ముద్ద పెట్టలేదు కూడా. నా పిల్లలకు ఆమె స్పూనుతోనే తినిపించింది. శుభ్రం కోసమని మా ఆవిడ అనుకునేది, మెచ్చుకునేది. పోయిన ఏడాది మంచాన పడ్డాక, మింగలేని రోజుల్లో, నేను జావ తాగిస్తూ ఒకసారి మొదలుపెట్టాను. "అమ్మా, ఆ పెద్దోడు..." అన్నాను. ఆమె కళ్లు తెరిచి, "ఏమన్న తెలిసిందా, మంచిగున్నడా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. తెలియదన్నాను. ఆమె కళ్లు మూసుకుంది, నేను స్పూను గిన్నెలో పెట్టాను. ఆరోజైనా చెప్పి ఉంటే ఆమె నన్ను క్షమించేదో లేదో గానీ, ఆ క్యారియర్ వాడు నింపే తెచ్చాడని తెలిసి ఆ జావైనా తాగేది.

ఈ ఉదయం పెట్టె తెరిచి శాలువా తీశాను. మడతల మీద పసుపు పట్టింది, అంచు గట్టిగానే ఉంది. సాయంత్రం మామనూ పిల్లల్నీ పిలిచి ఈ కాగితాలు చదివి వినిపిస్తాను, శాలువా వాళ్ల ముందు పెడతాను. మామ ఇక ఆ కథ చెప్పడు, నా వంక కూడా చూడడేమో. వాళ్ల క్రిస్మస్‌కూ మా క్రిస్మస్‌కూ మధ్య పదమూడు రోజులు. అంతమాత్రం ఆగితే అమ్మ చేతి ముద్ద అతనికి అందేది. ఆ పదమూడు రోజులూ ఆమె బతికినన్నాళ్లూ గడవలేదు.